నాలుగో పెట్టె, చూడని మాస్టారు

మాస్టారు ఇతరులకు సంబంధించినది ఏదీ చూడరు. ఉత్తరం, ఫోను, డైరీ, పక్కవాళ్ళ గిన్నెలో కూర, ఎదుటివాళ్ళ చేతిలో పేకముక్క, ఏదైనా సరే, తెరుచుకుంటున్న చప్పుడు వినిపిస్తే చాలు, గట్టిగా కళ్ళు మూసుకుంటారు. మూసుకుని ఊరుకోరు, "నేను చూడలేదు" అని పైకి చెబుతారు. చెప్పకపోతే మూసుకున్నది దండగని ఆయన నమ్మకం. అందుకే ఆయన పనిచేసే టెలిఫోను ఆఫీసులో అందరూ ఆయన్ని కళ్ళుమూత మాస్టారు అంటారు. ఆయన పాఠం చెప్పిన బడి ఏదీ లేదు. ముప్ఫై నాలుగేళ్ళుగా టెలిఫోను తీగలు అతకడమే ఉద్యోగం. ఆయన చేతులు చూసి ఆ పని నేర్చుకున్నవాళ్ళు లెక్కకు మించి ఉన్నారు కాబట్టి మాస్టారయ్యారు.

కళ్ళు మూసుకోవడం ఏమంత కష్టమని అనిపించవచ్చు. ఈ రోజుల్లో చాలా కష్టం. బస్సెక్కితే నలభై ఫోన్లు తెరిచి ఉంటాయి. అందుచేత ఆయన ఎక్కింది మొదలు కళ్ళు మూసుకునే కూర్చుంటారు, స్టాపు వచ్చినప్పుడు కండక్టరు భుజం తట్టి దింపుతాడు. ఒకసారి ఎదురుగా వస్తున్న అమ్మాయి నడుస్తూనే మెసేజ్ చదువుకుంటోందని కళ్ళు మూసుకుని, కరెంటు స్తంభానికి తగిలి, "క్షమించండి, నేను చూడలేదు" అని స్తంభానికి సంజాయిషీ ఇచ్చారు. ఏటీఎం దగ్గరయితే మరీ విడ్డూరం. ముందున్న మనిషి నంబరు నొక్కుతుంటే ఈయన వెనక్కి తిరుగుతారు. ఈయన తిరిగారు కదా, ఏదో ఉందని ఈయన వెనకాయన తిరుగుతాడు. అలా క్యూ మొత్తం వీధివైపు తిరిగి నిలబడితే, వీధిలో పోయేవాళ్ళు ఆగి తమ బట్టలు సర్దుకుంటారు.

పెళ్ళి కుదిర్చే రోజుల్లో కవరులో ఫోటో పెట్టి పంపితే, విప్పకుండానే తిప్పి పంపారట. పైన ఒక చీటీ: "ఇందులో ఎవరిదో ఫోటో ఉన్నట్టుంది. నేను చూడలేదు. నాకు ఇష్టమే." ఈ సంగతి ఆయన భార్య ఎవరు ఇంటికి వచ్చినా చెబుతుంది.

"మరి మీకు కోపం రాలేదా పిన్నిగారూ?" అని ఎవరో అడిగారు.

"ఎందుకమ్మా కోపం? ఆ ఫోటోలో నేను కళ్ళు మూసుకుని ఉన్నాను. సరిగ్గా సరిపోయాం."

ఇక ఆఫీసు లిఫ్టు. లోకంలో అందరూ లిఫ్టు ఎక్కగానే తలుపువైపు తిరుగుతారు. మాస్టారు మాత్రం వెనక్కి తిరిగి, తళతళలాడే స్టీలు గోడకు ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడతారు. మనుషులు లిఫ్టులోనే కదా ఫోన్లు తీసేది. "మాస్టారూ, మూడో అంతస్తు వచ్చింది" అని ఎవరో ఒకరు చెప్పాలి. ఎవరూ చెప్పకపోతే పైకీ కిందకీ తిరుగుతూనే ఉంటారు. ఒకసారి అలా పదకొండుసార్లు తిరిగారని కాపలా ఆఫీసరు పుస్తకంలో రాసి ఉంది.

ఇలాంటి మనిషి దగ్గరికి ఆ కొత్తరకం తాళం పని రావడాన్ని యోగం అనాలో ఏమనాలో తెలియదు.

రహస్యం పంపడం ఎంత పాతదో, దారిలో విప్పి చూడడం కూడా అంతే పాతది. ఉత్తరాల మీద లక్క పోసి ముద్ర గుద్దే కాలంలో, ఆ లక్కను వేడి కత్తితో ఊడదీసి, చదువుకుని, మళ్ళీ అంటించి పంపే నిపుణులు రాజుల కొలువుల్లో జీతాలు తీసుకుంటూ ఉండేవారు. అందుకున్నవాడు ముద్ర చెక్కుచెదరలేదని మురిసిపోయేవాడు. తాకితే తాకినట్టు తెలిసిపోయే లక్క కోసం మనుషులు ఎన్ని వందల ఏళ్ళు వెతికారో. చివరికి అది వెలుగులో దొరికింది. ఫోనులో మాటకు తాళం వేసేవాడి దగ్గరా, తీసేవాడి దగ్గరా ఒకే తాళంచెవి ఉండాలి. ఆ చెవిని వెలుగు రవ్వలుగా, ఒక్కొక్క రవ్వగా, వెంట్రుకంత గాజుతీగలో పంపిస్తారు. దారిలో ఎవరైనా చూశారా, రవ్వ మారిపోతుంది. చివర్లో ఇద్దరూ కొన్ని రవ్వల్ని పోల్చి చూసుకుంటే మచ్చ బయటపడుతుంది. మచ్చపడ్డ చెవిని పారేసి ఇంకొకటి చేసుకుంటారు. దీన్నే క్వాంటమ్ తాళం అంటున్నారు.

ఈ మాటలన్నీ మాస్టారుకు విడమరిచి చెప్పింది కొత్తమ్మాయి. ఆమె ఆ ఆఫీసులో చేరి రెండేళ్ళు దాటింది గానీ, తరవాత ఎవరూ చేరలేదు కాబట్టి ఇంకా కొత్తమ్మాయే. ఆమె చెప్పిందంతా మాస్టారు శ్రద్ధగా విన్నారు.

"అంటే అమ్మాయ్, ఎవరైనా చూస్తే వెలుగుకు సిగ్గన్నమాట."

"అలాగే అనుకోండి మాస్టారూ."

"మంచి పెంపకం," అన్నారాయన, తృప్తిగా.

తాళం బాగానే ఉంది, తిప్పలన్నీ వేగంతోనే. రవ్వల్లోంచి తాళంచెవులు తయారవడం అంటే కట్టేసిన కొళాయిలోంచి నీళ్ళు చుక్క చుక్కగా కారడమే. ఊళ్ళో ఫోన్లు చూస్తే లక్షలు. మనిషి కారులో పోతుంటే అతని మాట ఒక టవరు నుంచి ఇంకో టవరుకు గెంతుతుంది, గెంతినప్పుడల్లా కొత్త చెవి కావాలి. చెవి అందేదాకా మాట ఆగాలి. మొదటిసారి పరీక్ష పెట్టినప్పుడు మూడో టవరు దగ్గర అదే జరిగింది. ఆ పరీక్షకు వ్యానులో కూర్చుని మాట్లాడింది ఆఫీసు పెద్దసారు, అవతలి వైపు ఆయన భార్య. ఆగకుండా నలభై నిమిషాలు మాట్లాడగలిగిన మనిషి తన ఇంట్లోనే ఉండగా వేరే కొలత మిషన్లు ఎందుకని సారే ఆవిడని ఎంపిక చేశారు. ఆవిడ కొలత ఎంత సూక్ష్మమంటే, రెప్పపాటు మౌనం వచ్చినా పట్టేస్తుంది.

"ఎందుకు ఆగారు?"

"నేను ఆగలేదు. టవరు మారింది."

"టవరు మారితే మీరెందుకు ఆగాలి? అక్కడెవరున్నారు?"

పరీక్ష అక్కడితో ముగిసింది. సారు ఇంట్లో దాని మీద విచారణ మాత్రం ఇంకో వారం సాగింది.

అప్పుడు కొత్తమ్మాయికి ఒక ఉపాయం తట్టింది. కొళాయి చుక్క చుక్కగా కారితేనేం, మేడమీద ట్యాంకు పెట్టుకుంటే సరి. జనం మాట్లాడినా మాట్లాడకపోయినా తాళంచెవులు తయారై నిలవ ఉంటాయి. మాట గెంతినప్పుడు తయారుగా ఉన్న చెవి తీసి ఇస్తే చాలు, ఎదురుచూపు ఉండదు. రెండేళ్ళు దాని మీదే కూర్చుంది. పెద్దసారు మెచ్చుకున్నారు, కానీ ఒక మాట ఖచ్చితంగా చెప్పారు.

"అమ్మా, ఇంకొక్క పరీక్ష. ఈసారి ఒక్కచోట మాట ఆగినా నీ తాళం గది మూసేస్తాను. నువ్వు ఫిర్యాదుల విభాగానికి వెళ్ళాలి."

ఫిర్యాదుల విభాగమంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ముక్కూ ముఖం తెలియనివాళ్ళ చేత తిట్లు తినే చోటు. అక్కడినుంచి ఎవరూ తిరిగి రాలేదు. పదోన్నతి వచ్చినా ఆ తిట్ల మధ్యలోనే వస్తుంది.

దాంతో ఆమెకు బెంగ పట్టుకుంది. ఐదో అంతస్తులోని ఆమె గదికీ, ఊరవతల ఎక్స్చేంజికీ మధ్య గాజుతీగ తొమ్మిది పెట్టెల గుండా పోతుంది. నాలుగోది ఆ భవనం నేలమాళిగలో గోడకు ఉంది. రోజూ పొద్దున్నే ఆమె అక్కడికి దిగి, పెట్టె మూత తీసి, తీగకు చిన్న క్లిప్పు పెట్టి చూసేది. పట్టకారులా తీగను పట్టుకుని కాస్త వంచి, ఆ వంపులో కారే వెలుగును బట్టి తీగ బతికి ఉందో లేదో చెప్పే క్లిప్పు అది. రవ్వల్ని ఎవరూ చూడకూడదని ఊరంతటికీ పాఠం చెప్పిన మనిషి, సరిగ్గా వస్తున్నాయా లేదా అని రోజూ తానే తొంగి చూస్తోందన్నమాట. ఒక్క నిమిషమే కదా అనుకునేది. ఆ ఒక్క నిమిషానికీ పైన మిషను "ఎవరో చూస్తున్నారు" అని ఎర్రగా రాసేది. పక్కన 'కారణం' అని ఉన్న గడిలో ఆమె "పొద్దుటి చలి" అని నింపేది. ఎండలు మండే నెలలో కూడా చలే కారణం.

పరీక్షకు పదిరోజుల ముందు, అలా నాలుగో పెట్టె దగ్గర ఉండగా ఫోను మోగింది. పెద్దసారు. "వెంటనే పైకి రా. పరీక్ష తేదీ ఖాయమైంది." ఆమె మూత వేసి, మెట్లన్నీ పరుగున ఎక్కేసింది. ఆ రోజునుంచి పని మీద పని పడి కిందికి దిగడమే మానేసింది.

అప్పటినుంచి ఎర్ర అక్షరాలు నిమిషం కాదు, రోజంతా. ఎవరో చూస్తున్నారు, ఎవరో చూస్తున్నారు. వచ్చిన చెవులు వచ్చినట్టే మచ్చపడి పారేయడం. ట్యాంకు అడుగంటడం మొదలుపెట్టింది. ఆఫీసులో దొంగ పడ్డాడన్నారు. కాపలా ఆఫీసరుకు ఇరవై ఏళ్ళ సర్వీసులో మొదటిసారి చేతినిండా పని దొరికింది. మీసం దువ్వుకుని, తొమ్మిది పెట్టెలకీ మూతలు తీయకుండానే కాగితం సీళ్ళు వేయించాడు. మాస్టారు తప్ప ఎవరూ వాటిని ముట్టకూడదన్నాడు. నీళ్ళ డబ్బాలు తెచ్చేవాణ్ణి మూడు రోజులు ప్రశ్నించాడు. కిటికీ మీద రోజూ వాలే పావురాన్ని కూడా అనుమానితుల పట్టీలో రాశాడు. చివరికి మాస్టారును పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఆ పెట్టెల దగ్గర తిరిగేది మీరొక్కరే. అనుమానంగా ఎవరైనా కనిపించారా?"

"కనిపించే ఉంటారండీ. నేను చూడలేదు."

"ఈ ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్కసారైనా ఏదైనా చూశారా మీరు?"

మాస్టారు నిజాయితీగా గుర్తుచేసుకున్నారు. "చెప్పుకోదగ్గది ఏదీ లేదండీ," అన్నారు. ఆఫీసరు విసుక్కుని తన పుస్తకం తెరిచాడు. మాస్టారు వెంటనే కళ్ళు మూసుకున్నారు.

పరీక్షకు రెండురోజులుందనగా ట్యాంకులో చెవులు పావువంతుకు పడిపోయాయి. కొత్తమ్మాయి పెద్దసారు గదిలో లెక్కలు చెప్పి బయటికొచ్చింది. గదిలో ఆపుకుంది, నడవాలో ఆపుకుంది. లిఫ్టు ఎక్కితే లోపల మాస్టారు ఒక్కరే, ఎప్పటిలాగే వెనక గోడకు ముఖం పెట్టి ఉన్నారు. ఈయన ఎలాగూ చూడరు కదా అన్న ధైర్యం వచ్చింది. ఐదో అంతస్తు చేరేదాకా చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని చప్పుడు లేకుండా ఏడ్చేసింది. తలుపు తెరుచుకునేలోపు ముఖం తుడుచుకుంది.

"ఐదో అంతస్తు వచ్చింది మాస్టారూ."

"నేను కిందికి పోవాలి అమ్మాయ్," అన్నారు గోడతో. "పెట్టెలు బాగా దుమ్ము కొట్టుకుపోయాయి. ఇవాళ ఒకసారి తుడవాలి."

ఇక్కడ నా కొంప మునుగుతుంటే ఈయనకు దుమ్ము బెంగ, అనుకుంది ఆమె.

మర్నాడు పొద్దున పెద్దసారు గదిలో అందరూ కూర్చున్నప్పుడు మాస్టారు లేచి నిలబడ్డారు. ముప్ఫై నాలుగేళ్ళలో ఆయన సమావేశంలో మాట్లాడడం ఎవరూ ఎరగరు.

"దొంగా లేడు, పాడూ లేదండీ. నాలుగో పెట్టెలో తీగ వంగి ఉంది. మూత వేసేటప్పుడు నేనే నొక్కేసి ఉంటాను. నిన్న మధ్యాహ్నం సరిచేశాను. ఎర్ర అక్షరాలు పోయాయో లేదో కనుక్కోండి."

పోయాయి. నిన్న మధ్యాహ్నం నాలుగు గంటల నుంచి మిషను నోరెత్తలేదు, ట్యాంకు నిండుతూనే ఉంది. కొత్తమ్మాయి అది పొద్దున్నే చూసింది గానీ, నమ్మకం చాలక ఎవరికీ చెప్పలేదు. పెద్దసారు మాస్టారును నిలబెట్టి కడిగేశారు. ఇంత అనుభవం ఉండి, తొమ్మిది రోజులు, ఒక వంపు కనిపించలేదా అన్నారు. "నేను చూడలేదండీ," అన్నారు మాస్టారు. ఆ మాటకు సారు ముఖం ఎర్రబడి, మాస్టారు ఫైల్లో పెట్టడానికి మెమో రాయించారు. కాపలా ఆఫీసరు మాత్రం చాలా నిరాశపడి, పట్టీలోంచి పావురం పేరు కొట్టేశాడు.

పరీక్ష రోజు వ్యాను బయల్దేరింది. ముందు సీట్లో పెద్దసారు చెవి దగ్గర ఫోనుతో, వెనక కొత్తమ్మాయి ఒళ్ళో లాప్‌టాపుతో, పక్కన మాస్టారు. తెర మీద అంకెలు కనిపిస్తాయని ఆయన ఎక్కినప్పుడే కళ్ళు మూసుకున్నారు. ఒక టవరు, రెండు, మూడు. సారు భార్య వాషింగ్ మెషీను శబ్దం గురించి చెబుతోంది. ఐదు, ఆరు. ఎదురింటివాళ్ళ గేటు గురించి. తొమ్మిది, పది. ఒక్క ప్రశ్న లేదు. పన్నెండో టవరు దాటాక సారు మాట ఆగింది.

"ఏమిటి, ఆగారు?" అని ఫోనులోంచి ఆవిడ గొంతు వ్యానంతా ఖంగుమంది.

కొత్తమ్మాయి గుండె జారి చెప్పుల్లో పడింది. తెర వైపు చూసింది. ట్యాంకులో తాళంచెవులు బోలెడున్నాయి. టవరు మారి అప్పటికే అర నిమిషమైంది. తాళం మీద తప్పేమీ లేదు.

"సార్, ఏమైంది?" అని గుసగుసగా అడిగింది.

పెద్దసారు ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి వెనక్కి తిరిగారు. నుదుటి మీద చెమట. "వచ్చే ఆదివారం ప్రత్యేకత ఏమిటో చెప్పమంటోంది."

"పుట్టినరోజేమోనండీ," అన్నారు మాస్టారు, కళ్ళు మూసుకునే.

"నీ పుట్టినరోజు కదా, ఎలా మర్చిపోతాను," అన్నారు సారు ఫోనులో, ఒక్క క్షణం కూడా ఆలస్యం లేకుండా. దారిలోని పద్నాలుగు టవర్లూ దాటేశారు. పరీక్ష నెగ్గింది. ఆ ఒక్క విరామానికి కారణం నెట్‌వర్కు కాదని నివేదికలో ప్రత్యేకంగా రాయమన్నారు, ఎవరిదో మాత్రం రాయవద్దన్నారు.

ఆ సాయంత్రం కొత్తమ్మాయి గదిలో సామాన్లు సర్దుకుంటూ సొరుగు తెరిచింది. అందులో ఆమె క్లిప్పు ఉంది, దాని సంచిలోనే. ఎవరి పనిముట్టు ఎవరిదో తెలియాలని వేసుకున్న గులాబీరంగు గోళ్ళరంగు చుక్క, దాని మీద మెరుస్తోంది. ఎప్పుడు పెట్టానబ్బా అనుకుంది. ఫోను మోగడం గుర్తుంది, మూత వేయడం గుర్తుంది, మెట్లు గుర్తున్నాయి. క్లిప్పు తీయడం మాత్రం ఎంత తవ్వినా గుర్తుకు రాలేదు. తొమ్మిది రోజులు ఆఫీసంతా వెతికిన దొంగ ఎవరో తెలిసింది. మిషను పట్టీ తీసింది. మొన్న మధ్యాహ్నం, మూడు గంటల యాభై నాలుగు నిమిషాలకు, తీగను ఎవరో కదిలించినట్టు ఆరు నిమిషాల పెద్ద అలజడి. ఆ తరవాత అంతా ప్రశాంతం. లోకంలో ఎవరి కంటా పడకుండా తిరిగిన మాస్టారు, ఆ తీగకు మాత్రం దొరికిపోయారు. పక్కన 'కారణం' గడి ఖాళీగా ఉంది.

ఆమె చలి అని రాయలేదు. "క్లిప్పు నాది, తీయడం మర్చిపోయాను" అని రాసి, సంతకం పెట్టి, ఆ కాగితం తీసుకుని పెద్దసారు దగ్గరికి వెళ్ళింది. మెమో మాస్టారు ఫైల్లోంచి తీసి తన ఫైల్లో పెట్టమంది.

సారు చదివారు. లేచి, బీరువాలోంచి మాస్టారు ఫైలు తీసి బల్ల మీద పెట్టారు. అది దిండంత లావుంది.

"ఇందులో ఇలాంటి మెమోలు పన్నెండున్నాయమ్మా. తప్పు తీగ కోశాను, మూత సరిగ్గా వేయలేదు, నేను చూడలేదు. ఆయన చేతితో కోసిన తీగ ఒక్కటి కూడా తప్పు కాదని ఈ వృత్తిలో అందరికీ తెలుసు." ఆయన కాగితాలు తిప్పి, పసుపు పట్టిన ఒక దాని దగ్గర ఆగారు. "ఇది నాది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. సగం ఊరికి ఫోన్లు పోయాయి."

"మరి మిగతా పదీ ఎవరివి సార్?"

"నేను చూడలేదు," అన్నారు పెద్దసారు, ఫైలు మూస్తూ. "నిన్న తిట్టేటప్పుడే అనుకున్నాను, ఇదెవరిదో అని. నీ మెమో నీకు ఇస్తాను. ఆయన దగ్గరనుంచి తిరిగి తెచ్చుకున్నదానివి నువ్వొక్కదానివే. నాకప్పట్లో అంత ధైర్యం లేకపోయింది." కాగితం మడిచి, తలెత్తి చూశారు. "ఇక నాలుగో పెట్టె దగ్గరికి వెళ్ళావంటే కాళ్ళు విరగ్గొడతాను."

అలా కొత్తమ్మాయి ఫైల్లో మొదటి మెమో చేరింది. కిందికి దిగడానికి లిఫ్టు ఎక్కితే, లోపల మాస్టారు ఉన్నారు, గోడకు ముఖం పెట్టి. రెండేళ్ళలో మొదటిసారి ఆమె కూడా తలుపువైపు కాకుండా, ఆయన పక్కన, గోడవైపు తిరిగి నిలబడింది.

ఎదురుగా తానే కనిపించింది. తళతళలాడే ఆ స్టీలు గోడలో తన ముఖం, జుట్టు, చెదిరిన కాటుక, చేతిలో ఫోను, వెనక తలుపు, అన్నీ ఉన్నాయి. రెండో అంతస్తులో ఎవరో ఎక్కి, ఫోను తీసి, చదువుకుంటూ ముఖం చిన్నబుచ్చుకోవడం కూడా అద్దంలో కనిపించినట్టు కనిపించింది. ఇన్నేళ్ళుగా ఈ లిఫ్టులో ఎంతమంది, ఈయన చూడరు కదా అని, దాచుకున్న ముఖాలు విప్పేసి ఉంటారో.

"మాస్టారూ," అంది మెల్లగా. "ఇది అద్దం."

"అందులో అక్షరాలు తిరగబడతాయి అమ్మాయ్. ఎవరి ఫోనూ చదవలేం. అందుకే ఇటు నిలబడతాను."

"మరి ముఖాలో?"

స్టీలు గోడలో ఆయన కళ్ళు, అంత దగ్గరగా ఎవరూ ఎప్పుడూ చూడని కళ్ళు, ఆమె కళ్ళను చూసి చిన్నగా నవ్వాయి. వెంటనే గట్టిగా మూసుకున్నాయి.

"అద్దమా?" అన్నారాయన. "నేను చూడలేదు."

లిఫ్టు ఆగింది. ఆయన అలాగే బయటికి నడిచి, ఊడ్చేవాళ్ళు అక్కడ పెట్టిన బకెట్టులో కాలు పెట్టారు.